ఒంటి లైను మీద నాలుగు ఇంజన్లు



2009లో బస్తర్‌లో, జగదల్‌పూర్ దగ్గర మా క్యాంపుకి నాలుగు కోర్ల కంప్యూటర్ వచ్చింది. పాతదాని మీద జీతాల బిల్లుకి గంటన్నర పట్టేది. రాత్రి జనరేటర్ నడిచేది రెండు గంటలే. మధ్యలో ఏది మొరాయించినా పొద్దున బండికి బిల్లు అందదు, జవాను ఇంటికి డబ్బు ఆలస్యం. కొత్తది వచ్చిందిగా, ఇక బెంగ లేదనుకున్నాం. చూస్తే మళ్ళీ గంటన్నరే!

ప్రాసెసర్ వాడకం 25 శాతం చూపిస్తోంది. ఒక కోర్ చెమటోడుస్తుంటే మూడు 'విశ్రామ్'లో ఉన్నాయి. పాత ప్రోగ్రామ్‌కి పని పంచడం రాదు. ఒక్కో కోర్ వేగం చూస్తే పాతదానంతే.

మరి కోర్లు ఎందుకు పెంచారు? వేగం పెంచేకొద్దీ వేడి, కరెంటు వాడకం భరించలేనంత అయ్యాయి. 2004లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్-4ని విరమించుకుంది. 2005లో రెండు కోర్ల పెంటియమ్-డి తెచ్చింది.

మేం నాలుగు కంపెనీల బిల్లులు విడదీసి, ప్రోగ్రామ్‌ని నాలుగుసార్లు తెరిచి, ఒకేసారి నడిపాం. ఒక్కోదానికి 20 నిమిషాలు. చివర అన్నీ కూడి సరిచూసే 10 నిమిషాల పని మాత్రం పంచలేం. 90 నిమిషాల పని 30కి దిగింది. కోర్లు నాలుగైనా లాభం మూడు రెట్లే! జీన్ ఆమ్డాల్ 1967లోనే ఈ సంగతి చెప్పాడు.

కొత్తవలస–కిరండూల్ రైలు ఎక్కినవారికి ఇది కొత్త కాదు. ఖనిజం బండికి ఎన్ని ఇంజన్లు తగిలించినా, ఒంటి లైనున్నచోట ఎదురుబండి దాటేదాకా ఆగాల్సిందే.

అందుచేత ఎన్ని కోర్లని అడిగేముందు, మన పని ఎంతవరకు పంచగలమో చూసుకోండి. ఆ నెల బిల్లు పొద్దున బండికి అందింది.

జైహింద్.