ఏఆర్‌వీ, ఆర్‌ఐజీ: కుక్క కాటు చీటీలో ఉన్న ఇమ్యునాలజీ

మైక్రోబయాలజీ, ఇమ్యునాలజీలో బేసిక్ పదాలు ఈజీగా చెప్పమని చాలామంది అడిగారు. వరసగా డెఫినిషన్లు చదివితే మీకూ నాకూ నిద్రొస్తుంది. అందుకే ఇవాళ ఒకే కేసు తీసుకుందాం, కుక్క కాటు. లోతుగా కరిస్తే ఆస్పత్రి చీటీ మీద రెండు రాస్తారు: ఏఆర్‌వీ, ఆర్‌ఐజీ. రెండూ ఒకటేలే అనుకుని మొదటిది వేయించుకుని ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు. అక్కడే ప్రమాదం.

కంటికి కనపడని సూక్ష్మజీవులు అన్నీ మైక్రోబ్స్. వాటిలో జబ్బు చేసేవి పాథోజెన్స్. పాలు తోడుకునేలా చేసే బ్యాక్టీరియా కూడా మైక్రోబే, పాథోజెన్ మాత్రం కాదు. బ్యాక్టీరియా పూర్తి కణం, తనంతట తనే రెండవుతుంది. వైరస్‌కి ఆ సీన్ లేదు. దాంట్లో కోడ్ ఉంటుంది, రన్ చేసే మెషీన్ ఉండదు. ఆ మెషీన్ మన కణమే, అందుకే మనం హోస్ట్. రేబిస్ చేసేది వైరస్, దాన్ని యాంటీబయోటిక్ ఏమీ చెయ్యలేదు. కాటుకి యాంటీబయోటిక్ రాశారంటే అది కుక్క నోట్లోని బ్యాక్టీరియా కోసం.

ఈ వైరస్ కాటు దగ్గర నుంచి నరం పట్టుకుని మెల్లగా మెదడు వైపు వెళ్తుంది. కరిచిన రోజుకీ లక్షణాలు మొదలయ్యే రోజుకీ మధ్య ఉన్న టైమే ఇంక్యుబేషన్ పీరియడ్. రేబిస్‌లో మామూలుగా 1 నుంచి 3 నెలలు. ముఖం, మెడ మీద కరిస్తే ఇంకా తక్కువ ఉండొచ్చు. లక్షణాలు మొదలయ్యాక బతికేవాళ్ళు దాదాపు ఉండరు. ఏం చేసినా ఆ గ్యాప్‌లోనే చెయ్యాలి.

ఇప్పుడు అసలు పదాలు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ "ఇది నాది కాదు" అని గుర్తుపట్టే భాగం యాంటిజెన్. మన తెలుగు మీడియం పుస్తకాల్లో ప్రతిజనకం అంటారు. దాన్ని పట్టుకోవడానికి తయారయ్యే ప్రొటీన్ యాంటీబాడీ, అంటే ప్రతిరక్షకం. ఏఆర్‌వీ అంటే వ్యాక్సిన్. దాంట్లో ఉండేది చంపేసిన వైరస్, అంటే యాంటిజెన్. దాన్ని చూసి మన ఒళ్ళే యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. ఇది యాక్టివ్ ఇమ్యూనిటీ. బాగుంది, కానీ వాటిని తయారుచేసుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోపు గాయంలో ఉన్న వైరస్ ఆగుతుందా? ఆగదు కదా!

అందుకే ఆర్‌ఐజీ, రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్. గుర్రాల రక్తం నుంచో, మనుషుల రక్తం నుంచో తీసిన రెడీమేడ్ యాంటీబాడీలు. వీటిని గాయంలోనే, చుట్టూ ఎక్కిస్తారు. నొప్పిగానే ఉంటుంది, నిజం. కానీ ఆ క్షణం నుంచే పని మొదలవుతుంది. ఇది పాసివ్ ఇమ్యూనిటీ. కొన్ని వారాల్లో కరిగిపోతుంది, ఈలోగా వ్యాక్సిన్ యాంటీబాడీలు అందుకుంటాయి. ఆర్‌ఐజీ మొదటి రోజే వేయించుకోవాలి. కుదరకపోతే మొదటి వ్యాక్సిన్ డోసు నుంచి 7 రోజుల లోపు. ఆ తర్వాత వేసి లాభం లేదు, అప్పటికి సొంత యాంటీబాడీలు వచ్చేస్తుంటాయి.

అందరికీ ఆర్‌ఐజీ అక్కర్లేదు. రక్తం రాకుండా చిన్న గీత పడితే వ్యాక్సిన్ చాలు. పన్ను దిగి రక్తం వచ్చినా, పుండు మీద నాకినా రెండూ కావాలి. ఆస్పత్రికి బయల్దేరే ముందే సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. ఈ వైరస్ పైపొర కొవ్వుతో చేసింది, సబ్బుకి కరుగుతుంది. పసరు, కారం, సున్నం పెట్టకండి ప్లీజ్.

బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అని భయపడి ఇప్పటికీ వెళ్ళనివాళ్ళు ఉన్నారు. అది గొర్రె మెదడులో తయారుచేసిన పాత సెంపుల్ వ్యాక్సిన్ కాలం నాటి మాట. మన దేశంలో దాన్ని ఆపేసి 20 ఏళ్ళు దాటింది. ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రుల్లో చేతి చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు.

చివరి పదం, మెమరీ సెల్స్. వ్యాక్సిన్ కోర్సు పూర్తి చేస్తే ఈ కణాలు యాంటిజెన్‌ని గుర్తుపెట్టుకుంటాయి. రేపెప్పుడైనా మళ్ళీ కరిస్తే 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, ఆర్‌ఐజీ కూడా అక్కర్లేదు. పాసివ్‌కి ఈ జ్ఞాపకం ఉండదు. కాబట్టి కోర్సు పూర్తయిన చీటీ ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి, డాక్టర్ మొదట అడిగేది అదే.