200 మీటర్ల దూరాన ఇనుప పొట్టేలు

(ఆదివారం ఉదయం రేడియోలో ప్రసారమైన ప్రసంగ పాఠము)



2023లో చైనా దేశంలోని హాంగ్‌జౌ నగరంలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలు పోటీలో వెండి పతకం గెలిచింది. మీలో కొందరు టీవీలో చూసే ఉంటారు. ఒంటి చేయి చాచి, కదలకుండా నిలబడి కొట్టడం. అది 25 మీటర్లు. ఈ ఉదయం నేను చెప్పబోయే ఆటలో దూరం అంతకు ఎనిమిది రెట్లు, 200 మీటర్లు. చేతిలో ఉండేది రైఫిలు కాదు, చేతి తుపాకీయే.

వాక్యం చెప్పవలసిన వేళ ఈ తుపాకీ గోల ఏమిటి అయ్యగారూ అంటారేమో. కారణం ఉంది. గుంటూరు జిల్లా నుండి ఒక తల్లి మాకు ఉత్తరం వ్రాశారు. ఆమె కుమారుడు చాలా ఏళ్ళ క్రితం అమెరికా వెళ్ళి, అక్కడి పౌరసత్వం పొంది, టెక్సాస్ రాష్ట్రంలో స్థిరపడ్డాడు. భార్య, ఇద్దరు చిన్న పిల్లలు. ఆదివారం ఆరాధన మానడు. అయితే నెలకు రెండు శనివారాలు పొడవు గొట్టం ఉన్న పిస్తోలు తీసుకొని ఊరి బయట మైదానానికి వెళ్ళి, దూరాన నిలబెట్టిన ఇనుప పొట్టేళ్ళను కొట్టి వస్తాడట. ఆ ఫొటో ఫోనులో చూసినప్పటినుండి ఈ తల్లికి నిద్ర లేదు. ఇది పాపమా అని ఆమె అడిగారు.

ప్రియులారా, తెలియని దానిమీద తీర్పు చెప్పడం మనకు చాలా తేలిక. అందుకని మొదట ఆ ఆట ఏమిటో చూద్దాం.

ఇది మెక్సికో దేశంలో పుట్టింది. అక్కడ రైఫిళ్ళతో మొదలై, సరిహద్దు దాటి అమెరికాకు వచ్చాక, చేతి తుపాకీలతో కూడా ఆడడం ఆరంభించారు. 1976లో ఇంటర్నేషనల్ హ్యాండ్‌గన్ మెటాలిక్ సిలువెట్ అసోసియేషన్ అనే సంఘం ఏర్పడి నియమాలు పెట్టింది. ఉక్కు రేకులను జంతువుల ఆకారంలో కోసి నిలబెడతారు. 50 మీటర్ల దూరంలో కోళ్ళు, 100 మీటర్లలో పందులు, 150 మీటర్లలో టర్కీ కోళ్ళు, 200 మీటర్లలో పొట్టేళ్ళు. ఒక్కొక్క వరుసకు అయిదు. ఎడమ నుండి కుడికి వరుస తప్పకుండా కొట్టాలి. అయిదింటికి రెండు నిమిషాలే గడువు. ప్రాణమున్న జీవి ఏదీ అక్కడ ఉండదు.

ఒక నియమం గమనించండి. తూటా తగిలితే చాలదు, బొమ్మ పడిపోవాలి. ఆ పొట్టేలు బరువు 20 కిలోలకు పైనే. కొన్నిసార్లు తూటా అంచున తగులుతుంది, ఠంగుమని మ్రోగుతుంది, చూసేవాళ్ళందరూ వింటారు, పొట్టేలు మాత్రం నిలబడే ఉంటుంది. లెక్కలో అది తప్పిన దెబ్బే. మన సంఘాలలో చప్పుడునే ఫలముగా లెక్కించే అలవాటు గురించి వేరుగా ఒక ప్రసంగమే చెప్పవచ్చు. ఈరోజు వద్దు.

నిలబడి కొట్టే విభాగం ఉంది. వెల్లకిలా పడుకొని, మోకాళ్ళు పైకి మడిచి, తుపాకీ గొట్టాన్ని పిక్కకు ఆనించి కొట్టే పద్ధతి కూడా ఉంది. రివాల్వరుతో అలా కొట్టేవారు కాలికి తోలు కట్టుకుంటారు. తూటాలుండే చక్రానికీ గొట్టానికీ మధ్యనున్న సన్నని సందులోనుండి వేడి వాయువు చిమ్మి కాలు కాల్చుతుంది గనుక.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. చేతి తుపాకీతో దూరం కొట్టడం ఎందుకంత కష్టం? తుపాకీ పైన వెనుక ఒక గాడి, ముందు ఒక చిన్న పలక ఉంటాయి. రెంటినీ కలిపి గురి చూస్తారు. రివాల్వరులో వాటి మధ్య దూరం సుమారు 25 సెంటీమీటర్లు, అంటే మన జానెడు కంటే కాస్త ఎక్కువ. ఆ ముందు పలక ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగిందనుకోండి. 10 మీటర్ల దూరంలో తూటా 4 సెంటీమీటర్లు తప్పుతుంది. అట్టముక్క మీద కొడుతుంటే అది తప్పు అని కూడా అనిపించదు. అదే మిల్లీమీటరు 200 మీటర్ల దగ్గర 80 సెంటీమీటర్లు అవుతుంది. పొట్టేలును దాటిపోయి వెనుక మట్టికట్టలో దుమ్ము లేస్తుంది. చెయ్యి అదే, పొరపాటు అదే. దగ్గరలో అది దాగింది, దూరం దాన్ని బయటపెట్టింది. ఈ ఆటను ఇష్టపడేవాళ్ళు ఇష్టపడేది ఇందుకే.

ఇంకొకటి ఉంది. మన కన్ను ఒకేసారి దగ్గరిదాన్నీ దూరపుదాన్నీ స్పష్టంగా చూడలేదు. క్రొత్తవాడు పొట్టేలునే చూస్తాడు. నేర్చినవాడు పొట్టేలును మసకగా ఉండనిచ్చి, చేతిలో ఉన్న ఆ ముందు పలకను స్పష్టంగా చూస్తాడు. దూరాన ఉన్నది తన వశంలో లేదు, చేతిలో ఉన్నదే తన వశంలో ఉంది గనుక.

పైగా తూటా తిన్నగా పోదు, పోతూ పోతూ క్రిందికి దిగుతుంది. 44 మాగ్నమ్ అనే పెద్ద రివాల్వరు తూటా కూడా 200 మీటర్లు చేరేలోపు మీటరు కంటే ఎక్కువే దిగుతుంది. ఆ దిగేది ముందే ఎరిగి, అంత ఎత్తు పట్టాలి. అమెరికాలో ఐడహో రాష్ట్రపు పశువుల కాపరి ఎల్మర్ కీత్ అనే ఆయన ఇందుకోసం తన ముందు పలక మీద సన్నని బంగారు గీతలు పొదిగించుకున్నాడు. దూరాన్నిబట్టి ఒక్కొక్క గీత వెనుక గాడిలోనుండి పైకి కనబడేలా తుపాకీ ఎత్తి, లక్ష్యాన్ని ఆ పలక కొన మీద కూర్చోబెట్టి కొట్టేవాడు. మరొకరు గాయపరచిన జింకను 600 గజాల నుండి రివాల్వరుతో కొట్టానని ఆయన వ్రాస్తే, నమ్మినవారున్నారు, కోతలని నవ్వినవారున్నారు. ఎడ్ మెక్‌గివర్న్ అనే మరొకాయన బ్రతుకుతెరువుకు సైన్‌బోర్డులు వ్రాసుకొనే పెయింటరు. ఆయన కూడా 600 గజాల దూరంలో మనిషంత పలకను రివాల్వరుతో కొట్టగలనని చూపించి, ఆ సాధన అంతా 1938లో వచ్చిన పుస్తకంలో పెట్టాడు.

ఈ సాధనలో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటి చెబుతాను. తుపాకీ పేలినప్పుడు అది చేతిని తన్నుతుంది. ఆ దెబ్బకు భయపడి, పేలకముందే మనిషి చెయ్యి తనకు తెలియకుండా క్రిందికి త్రోస్తుంది. నీవు జంకుతున్నావు అని చెబితే ఎవడూ ఒప్పుకోడు. తుపాకీ సరిగా లేదంటాడు, గాలి వీచిందంటాడు, తూటాలు మంచివి కావంటాడు. అప్పుడు స్నేహితుడు ఏం చేస్తాడంటే, రివాల్వరు తీసుకొని, అతడు చూడకుండా కొన్ని గదులలో తూటాలు పెట్టి, కొన్ని ఖాళీగా వదలి చేతికిస్తాడు. ఇతడు మీట నొక్కుతాడు. ఖాళీ గది వచ్చినప్పుడు టిక్కుమంటుంది అంతే, పేలదు, తన్నదు. అయినా గొట్టం కొన కిందికి వంగుతుంది! ఇద్దరూ కళ్ళారా చూస్తారు. ఇక గాలిని నిందించడానికి వీల్లేదు.

పోటీలో కూడా అలాంటి తోడు ఒకడు ప్రక్కన దుర్భిణి పెట్టుకొని ఉండవచ్చు. మీట నొక్కాక తూటా వెళ్ళి తగిలి, ఆ చప్పుడు తిరిగి చెవికి చేరేసరికి సెకను పైనే పడుతుంది. ఆ సెకనులోపే మంచి షూటరు "ఇది తక్కువగా ఎడమకు పోయింది" అని తానే చెప్పేస్తాడు. తరువాత ప్రక్కవాడు చూసినది చూసినట్టు చెబుతాడు. ముఖస్తుతి చేసే తోడు అక్కడ ఎందుకూ కొరగాడు. 2016లో రియో ఒలింపిక్స్ 50 మీటర్ల పిస్తోలు ఫైనల్లో కొరియా దేశస్థుడు జిన్ జోంగ్-ఓ ఒక దెబ్బకు 6.6 మాత్రమే తెచ్చుకున్నాడు. ఆ స్థాయిలో అది ఘోరమైన దెబ్బ. దాన్ని అక్కడే వదిలి, తరువాతి దెబ్బ మీద మనస్సు పెట్టి, అదే పోటీలో వరుసగా మూడవ ఒలింపిక్ బంగారు పతకం తీసుకున్నాడు.

ఇక తల్లి అడిగిన ప్రశ్న. క్రొత్త నిబంధనలో పాపము అనే మాటకు గ్రీకులో హమర్తియ అని ఉందనీ, దాని అర్థం గురి తప్పడమనీ మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. నిజమే, హోమరు కావ్యంలో ఈటె గురి తప్పినప్పుడు ఆ ధాతువే వాడబడింది. హెబ్రీ భాషలో కూడా అంతే. న్యాయాధిపతుల గ్రంథము 20వ అధ్యాయము 16వ వచనము తీసి చూడండి. బెన్యామీను గోత్రంలో ఎడమచేతి వాటము గల 700 మంది వడిసెల వీరులున్నారు. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను తోలినవారికి ఆ పని ఎంత కష్టమో తెలుసు. వీరైతే తలవెంట్రుకను కూడా తప్పకుండా కొట్టగలరట. అక్కడ తప్పకుండా అనేచోట ఉన్న క్రియ, పాపము చేయుట అని మరోచోట తర్జుమా అయ్యే క్రియ, రెండూ ఒకటే.

అయితే ఈ ఉదాహరణను మన ప్రసంగీకులు కొంచెం తేలికగా వాడేస్తున్నారని నా అభిప్రాయం. పాపమంటే ఏదో చెయ్యి వణికి జరిగిన పొరపాటు అన్నట్టు వినబడుతుంది. ఆ అధ్యాయం మొత్తం చదవండి. ఆ 700 మంది ఎవరి పక్షాన నిలబడ్డారు? గిబియాలో ఒక స్త్రీని చెరిచి ఆమె మరణానికి కారకులైన దుర్మార్గులను అప్పగించం అన్న గోత్రం పక్షాన. మొదటి రెండు రోజులు గెలిచారు కూడా. వాళ్ళ గురి తప్పలేదు, వాళ్ళు గురి పెట్టినదే తప్పు. మూడవ రోజు ముగిసేసరికి ఆ గోత్రంలో పారిపోయి మిగిలిన యోధులు 600 మంది. వెంట్రుకను కొట్టగల నేర్పు వారికి ఏమి మేలు చేసింది?

అమ్మా, మీ అబ్బాయి ఇనుప పొట్టేలును కొట్టడం పాపము కాదు. వాక్యంలో అలాంటి నిషేధం నాకు కనబడలేదు, లేనిదాన్ని మీ భయం కోసం కల్పించలేను. అది ఓర్పు నేర్పే ఆటే. తూటాలకయ్యే ఖర్చు, శనివారాలు పిల్లలకు దూరమవడం, ఇవి క్రికెట్టుకైనా చేపల వేటకైనా ఉన్న ప్రశ్నలే. మైదానంలో కూడా క్రమశిక్షణ గట్టిది. పడిన పొట్టేళ్ళను మళ్ళీ నిలబెట్టడానికి మనుషులు ముందుకు నడిచేటప్పుడు ప్రతి తుపాకీ ఖాళీ చేసి, తెరచి, బల్ల మీద పెట్టాలి. ఎవరూ ముట్టకూడదు.

నా కలవరం మైదానం గురించి కాదు, ఇంటి గురించి. ఆ దేశంలో ఏటా తుపాకీతో చనిపోయేవారిలో సగానికి పైగా హత్యకు గురైనవారు కారు, ఆత్మహత్య చేసుకున్నవారు. 2020లో అక్కడ పిల్లల, యౌవనుల మరణాలకు అన్నిటికంటే పెద్ద కారణం తుపాకీయే అయింది, రోడ్డు ప్రమాదాలను కూడా దాటిపోయింది. వారిలో ఎవరూ పొట్టేళ్ళ వరుస ముందు నిలబడి చనిపోలేదు. కాబట్టి ఎన్ని పొట్టేళ్ళు పడగొట్టావు నాయనా అని అడగకండి. రాత్రి ఆ పిస్తోలు ఎక్కడ ఉంటుంది అని అడగండి. ఖాళీ చేసి తాళం వేసిన పెట్టెలో ఉందా? తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంలో ఉన్నాయా? తాళంచెవి పిల్లలకు తెలిసిన చోట ఉందా? కోడలికి ఈ సంగతులన్నీ తెలుసా? మైదానం నుండి వచ్చాక బిడ్డను ఎత్తుకొనే ముందు చేతులు కడుక్కొని బట్టలు మార్చుకుంటాడా? తూటాల సీసం దుమ్ము బట్టలకు అంటి వస్తుంది, చిన్న పిల్లలకు అది విషము.

ఇంకొకటి కూడా అడగండి, అడగడానికి బరువుగా ఉన్నా సరే. ఉద్యోగం పోయినప్పుడు, భార్యాభర్తల మధ్య మాటలు లేనప్పుడు, మనస్సు చీకటైనప్పుడు ఆ పెట్టెను ఇంట్లోనుండి తీసుకెళ్ళి కొన్నాళ్ళు తన దగ్గర పెట్టుకొనే మనిషి ఎవరైనా ఉన్నాడా? ప్రక్కన దుర్భిణి పెట్టుకొని నిజం చెప్పే ఆ స్నేహితుడే ఉండవచ్చు. సంఘ కాపరి ఉండవచ్చు. ఆ పేరు ముందుగానే అనుకొని ఉండాలి, ఆ చీకటి రోజున వెదుక్కొనే ఓపిక ఎవరికీ ఉండదు.

అమెరికాలో పిల్లలున్న మిగతా తల్లిదండ్రులకు ఒక్క మాట. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడాన్ని, కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి చట్టం నిషేధిస్తుంది. స్నేహితుడు సరదాగా చేతికిచ్చాడని పట్టుకొనే ముందు ఈ సంగతి విచారించుకోమని చెప్పండి.

మన సమయం అయిపోయింది. తలలు వంచండి, ప్రార్థన చేసుకుందాం.