న్యాయనిర్ణేత లేని ఆట



క్రికెట్ వ్యాఖ్యానము వినువారికి అంపైరు ఎవరో చెప్పనక్కరలేదు. బంతి బ్యాటు అంచును తాకినదని బ్యాట్స్‌మన్‌కు తెలిసియుండియు అతడు మౌనముగా నిలువవచ్చును. తీర్పు చెప్పు భారము అంపైరుది. ఆయన వ్రేలు లేచువరకు ఆటగాని అంతరాత్మకు విశ్రాంతియే. అట్టి విశ్రాంతి లభింపని ఆట ఒకటి కలదు. దాని పేరు డిస్క్ గోల్ఫ్.

గోల్ఫులో బంతిని కఱ్ఱతో కొట్టి గుంటలో వేయుదురు. ఈ ఆటలో బంతికి బదులు చేతితో విసరు డిస్కు, గుంటకు బదులు స్తంభమునకు అమర్చిన ఇనుపబుట్ట. బుట్టపైన గొలుసులు వ్రేలాడుచుండును. డిస్కు వానికి తగిలి, వేగము కోల్పోయి బుట్టలో పడును. అన్ని బుట్టలను తక్కువ విసురులతో ముగించినవారిదే గెలుపు. 1975లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, ఓక్ గ్రోవ్ పార్కులో దీనికి మొదటి శాశ్వత మైదానము ఏర్పడినది. దానిని తీర్చినవాడు, గొలుసుల బుట్టను కనిపెట్టినవాడు ఎడ్ హెడ్రిక్. 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్‌ను స్థాపించినవాడును ఆయనయే. నేడు పోటీలకు ఆ సంస్థ ప్రకటించు నిబంధనలే ప్రమాణము.

పోటీకి వచ్చినవారు చిన్న చిన్న బృందములుగా విడిపోయి, చెట్లనడుమ ఒక్కొక్క బృందము ఒక్కొక్క బుట్టవద్ద ఆడుచుందురు. ప్రతి బృందము వెంట ఒక న్యాయనిర్ణేతను పంపుట సాధ్యము కాదు. అందుచేత నిబంధనలు ఆ భారమును ఆటగాండ్రపైననే ఉంచినవి. తప్పు స్పష్టముగా జరిగినప్పుడు చూచినవారు చెప్పవలెను. వెంటనే చెప్పవలెను. ఆలస్యముగా చెప్పిన మాట చెల్లదు.

చెప్పుటకు ముందు తెలిసియుండవలెను గదా! ఆటగాడు నిలుచు తీరునే తీసికొందము. డిస్కు ఆగిన చోట దానినిగాని వేరొక డిస్కునుగాని గురుతుగా ఉంచుదురు. ఆ గురుతు వెనుక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు గల చోటు అతని స్థానము. డిస్కు చేయి విడుచు క్షణమున అతని కాలో, చేయో, ఏదో ఒకటి ఆ స్థానములో ఆనియుండవలెను. ఏదియు గురుతుకన్న ముందుకు ఆనరాదు. ఆనినచో అతని లెక్కకు ఒక విసురు అదనముగా చేరును. బుట్టకు 10 మీటర్లకు మించిన దూరమున ఉన్నవాడు, విసరిన పిమ్మట ఆ ఊపులో ముందుకు అడుగువేసినను దోషము లేదు. 10 మీటర్ల లోపల మాత్రము, విసరిన పిమ్మట నిలద్రొక్కుకొని, ఆపైననే ముందుకు నడువవలెను. ఈ భేదము తెలియనివాడు దూరపు విసురునకు తప్పుపట్టి నిరపరాధిని నొప్పించును. దగ్గరి తప్పును చూచియు గుర్తింపడు.

మిగిలిన నిబంధనలును ఇట్లే సూక్ష్మమైనవి. హద్దు గీతను దాటినట్లు తోచిన డిస్కు, ఏ కొంచెము లోపల ఉన్నను లోపలనున్నట్లే. దారికి అడ్డమైన చెట్టుకొమ్మను వంచి విసరరాదు. వంతు వచ్చిన పిమ్మట 30 సెకనులలో విసరవలెను. పోయిన డిస్కును 3 నిమిషములు వెదకవచ్చును. వెదకుటలో తక్కినవారు తోడ్పడుట మర్యాద మాత్రమే కాదు, నిబంధన.

ఇక అసలు చిక్కు చూడుడు. చివరి బుట్ట. మీ మిత్రుడు 8 మీటర్ల దూరమునుండి విసరినాడు. డిస్కు గొలుసులకు తగిలి బుట్టలో పడినది. కాని అది చేయి విడుచునప్పుడే అతని కాలు గురుతును దాటి ఆనియుండుట మీ కంట పడినది. ప్రొద్దున మిమ్ములను తన కారులో తెచ్చినవాడు. సాయంకాలము కలిసి తిరిగి వెళ్ళవలసినవాడు. అతని ముఖము ఆనందముతో వెలుగుచున్నది. చెప్పుదురా?

పెక్కుమంది చెప్పరు. స్నేహమును పాడుచేసికొనుటెందులకని ఊరకుందురు. ఆ దయ మంచిదే. కాని అది ఎవరి సొమ్ముతో చేసిన దానము? ఆవలి బుట్టవద్ద, చెట్ల మాటున, మరొక బృందము ఆడుచున్నది. అందులో ఒకడు మీ మిత్రునితో సమానమైన లెక్కతో ఉండవచ్చును. తన కాలు తప్పినప్పుడు తోటివారు చెప్పగా అతడు ఒక విసురు నష్టపోయి ఉండవచ్చును. అతనికి ఇక్కడ కన్నులు లేవు, నోరు లేదు. అతని తరఫున ఇక్కడ నిలిచినవారు మీరే. మీ మౌనము మీ మిత్రునికి ఇచ్చిన కానుక ఆ పరోక్షమున నున్నవాని జేబులోనుండి తీసినది.

ఇందుకు మరొక వైపును కలదు. తొలి బుట్టలవద్ద అదే తప్పును చూచి ఊరకుండి, చివర తనకు ఓటమి తప్పదని తోచినప్పుడు నోరు విప్పువాడు చెప్పినది సత్యమే కావచ్చును. అయినను అది నియమపాలన కాదు, ఎత్తుగడ. కావున చెప్పదలచినవాడు ఆట మొదటినుండియు, అందరికిని, తనకును ఒకే తీరుగా చెప్పవలెను. తొలి బుట్టవద్ద శాంతముగా చెప్పిన మాట మందలింపుగా వినబడదు. ఆనాటి ఆట తీరును అందరికి తెలుపును.

కన్నులు మోసపోవుటయు సహజమే. అట్టి వేళ బృందములో ఎక్కువమంది అభిప్రాయమే తీర్పు. ఎటును తేలనిచో విసరినవానికి అనుకూలమైన అర్థమే చెల్లును. తీర్పుతో తృప్తి చెందనివాడు పోటీ అధికారికి విన్నవించుకొనవచ్చును. అధికారి దూరమున ఉన్నచో, వివాదముకొరకు ఆట నిలుపక, రెండు విధములుగను ఆడి రెండు లెక్కలు వ్రాసియుంచి, ఏది చెల్లునో పిదప తేల్చుకొనుటకును నిబంధన అనుమతించుచున్నది. కోపము చల్లారుటకు ఇంతకన్న చక్కని ఏర్పాటు మరొకటి కానరాదు.

ఒక్కొక్క బుట్ట ముగిసినంతనే ప్రతివాడును తన విసురుల సంఖ్యను అందరును వినునట్లు తానే చెప్పవలెను. తుదకు అప్పగించిన పట్టికలో మొత్తము తప్పినట్లు తేలినచో 2 విసురులు అదనముగా చేర్చుదురు. అనగా ఆట పొడుగునను ఆటగాడు తన్ను గూర్చి తానే సాక్ష్యము చెప్పుచుండును.

ఆ చివరి బుట్టవద్ద మీరు, "కాలు ముందుకు పడినది" అని మెల్లగా అన్నారనుకొందము. మీ మిత్రుని ముఖము ఒక్క క్షణము చిన్నబోవును. తిరుగు ప్రయాణములో కొంతదూరము మాటలు సాగకపోవచ్చును. కాని తరువాతి పోటీలో అతడు గెలిచి, "ఏ తప్పును లేదు, గెలుపు నీదే" అని మీరు పలికినప్పుడు, ఆ మాటను అతడు నమ్మును. ఊరకుండుటకు అలవాటుపడినవాని మెప్పునకు ఆ విలువ ఉండదు.