మూలనపడ్డ కుట్టుమిషనుకు ఇంటి మరమ్మతు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును, పెన్షను దయాదానం కాదని అది తేల్చిన సంగతిని ఇంతకు ముందు మాట్లాడినవారు వివరించారు. కరువు భత్యం గురించీ చెప్పారు. వాటి మీద నేను కొత్తగా చెప్పగలిగింది లేదు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం చిన్నది, ఇంటి మూలలో ఉండేది. అదే కుట్టుమిషను.

నేను మెకానిక్కును కాను. గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. రిటైరైన తరువాత మా ఇంటి మిషనుతో మొదలుపెట్టి, ఇరుగుపొరుగు మిషన్లు విప్పుతూ, బిగిస్తూ ఈ పని నేర్చుకున్నాను. ఇన్నేళ్ళలో నాకు తెలిసింది ఒక్కటే. చెడిపోయిందని మనం పక్కన పెట్టే మిషన్లలో చాలావాటికి ఏ భాగమూ విరగలేదు. దుమ్ము పట్టి ఉంటుంది, నూనె గడ్డకట్టి ఉంటుంది, లేదా సూదో దారమో తప్పుగా ఎక్కించి ఉంటారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్నట్టు, ఈ మూడూ చూడకుండా మిషనును పాత ఇనుము బండికి వేయకండి. నా మనవి ఇంతే.

ఆఫీసులో విరిగిన కుర్చీని తీసివేయాలన్నా తనిఖీ చేసి, కాగితం రాసి, పై అధికారి సంతకం తీసుకునేవాళ్ళం. ఇంట్లో అమ్మ పెళ్ళినాటి మిషనును మాత్రం ఏ తనిఖీ లేకుండా తూకానికి ఇచ్చేస్తున్నాం.

ఇది ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. మా వీధిలో ఒక కుటుంబ పెన్షనరు ఉన్నారు. భర్త చిన్న ఉద్యోగంలో ఉండి పోయాడు. వచ్చే పెన్షను మందులకూ ఇంటి బాడుగకూ సరిపోతుంది. మిగతాదంతా ఆమె జాకెట్లు, లంగాలు కుట్టి సంపాదించుకోవలసిందే. ఒక ఏడాది సరిగ్గా శ్రావణమాసం ముందర మిషను ఆగిపోయింది. మన ప్రాంతంలో శ్రావణమంటే పెళ్ళిళ్ళు, వ్రతాలు, పట్టుచీరలు, వాటి జాకెట్లు. చూసినవాళ్ళు దీని పని అయిపోయింది, కంతుల మీద కొత్తది తీసుకోమన్నారు. నన్ను పిలిచేటప్పటికి నెల గడిచింది. షటిల్ విప్పి చూస్తే దాని వెనుక గూడు కట్టిన దారంపోగు. సూది కూడా తిరగేసి ఉంది. అరగంటలో మిషను తిరిగింది. ఆమె ఆ పోగును అరచేతిలో పెట్టుకుని చూసి, "ఈ దారంపోగుకేనా అన్నా, నేను నెల దినాలు పని లేకుండా కూర్చునింది?" అనింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఒక నెల సంపాదన, అందులోనూ శ్రావణమాసపు సంపాదన, మళ్ళీ రాదు గదా!

ఇక మిషను సంగతి. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన మిషనులోనూ, 1851లో ఐజాక్ సింగర్ పేటెంటు పొందిన మిషనులోనూ, నేడు మన ఇంట్లో ఉన్న నల్ల మిషనులోనూ మూలసూత్రం ఒక్కటే. సూది కన్ను కొన దగ్గర ఉంటుంది. పైదారం సూదితో పాటు బట్ట కిందికి దిగి ఉచ్చులా తెరుచుకుంటుంది. షటిల్ కొక్కెం ఆ ఉచ్చును పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలూ బట్ట మందంలో ఒకదానికొకటి మెలిపడతాయి. కుట్టు అంటే అదే. యంత్రాల వ్యామోహాన్ని విమర్శించిన గాంధీగారు కూడా 1924లో ఒక సంభాషణలో సింగర్ మిషనును మినహాయింపుగా చెప్పారు. మన దేశంలో ఉషా మిషన్ల తయారీ 1930ల దశకంలోనే కలకత్తాలో మొదలైంది. ఆ తరం మిషన్లు పోత ఇనుముతో చేసినవి. శుభ్రంగా ఉంచితే తాత నుంచి మనవరాలి దాకా పనిచేస్తాయి.

సముద్రతీరంలో ఇనుముకు ఉప్పుగాలి శత్రువు. మనకు సముద్రం లేదు, మన శత్రువు దుమ్ము. ఆషాఢపు గాలికి కిటికీ ఎంత మూసినా ఎర్రదుమ్ము లోపలికి వస్తుంది. అది నూనెతోనూ, బట్ట నుంచి రాలే నూగుతోనూ కలిసి ముద్ద అవుతుంది. దానికి తోడు చేతికి అందిన నూనె పోయడం ఒకటి. వేరుశనగ నూనె గాలి తగిలి కొంత కాలానికి జిగురవుతుంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. హిందూపురం చలికాలపు ఉదయాల్లో సీసాలోని కొబ్బరినూనె ఎలా ఉంటుందో మీకు తెలుసు. మిషను లోపలా అలాగే ఉంటుంది. మోటారు బండి ఇంజను నూనె చిక్కన, బట్టకు మరక. కుట్టుమిషను నూనె అని అడిగితే దొరికే పల్చని తెల్లనూనె ఒక్కటే వాడండి. చిన్న సీసా ఏడాది వస్తుంది.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. పెద్దదొకటి, చిన్నదొకటి స్క్రూడ్రైవర్లు, పాత పళ్ళ బ్రష్షు, వెదురు పుల్ల, మెత్తని పాత పంచె ముక్క, నూనె, కొత్త సూదులు. వెలుతురు కోసం కిటికీ దగ్గర కూర్చోండి, కళ్ళజోడు పెట్టుకోండి. కరెంటు మోటారు ఉంటే ముందు ప్లగ్గు పీకివేయాలి. కాలితో తొక్కేదైతే బెల్టు తప్పించాలి. మనవడు వచ్చి పెడలు మీద కాలు పెడితే మన వేలు సూది కింద ఉంటుంది. తల భాగాన్ని వెనక్కు వాల్చేటప్పుడు ఇంకొకరి సాయం తీసుకోండి. దాని బరువు మన వయసు నడుముకు మంచిది కాదు.

విప్పే ప్రతి స్క్రూను వరుసగా ఒక పళ్ళెంలో, విప్పిన క్రమంలోనే పెట్టండి. ఫైలులో కాగితాలకు పేజీ నంబర్లు వేసినట్టు చీటీలు పెట్టినా తప్పు లేదు. ఇప్పుడు సెల్‌ఫోను ఉంది గనుక విప్పక ముందొక ఫోటో, విప్పిన తరువాత ఒక ఫోటో తీసి ఉంచుకోండి. బిగించేటప్పుడు చివర విప్పింది మొదట ఎక్కుతుంది. స్క్రూ గాడికి సరిపోయే వెడల్పు ఉన్న డ్రైవరే వాడాలి. మొండికేస్తే బలం చూపకుండా రెండు చుక్కల కిరోసిన్ వేసి రాత్రంతా వదిలేయండి.

ఇప్పుడు పని క్రమం చెబుతాను.

ఒకటి, పాత సూది తీసివేయండి. సూది మొద్దుబారితే కుట్టు తప్పుతుంది. సూదికి ఒకవైపు చదును, ఎదుటివైపు పొడవైన గాడి ఉంటాయి. చదును షటిల్ కొక్కెం వైపుకు ఉండాలి. దారం గాడి ఉన్న వైపు నుంచి ఎక్కించాలి. సూదిని పైకి అంటేదాకా తోసి బిగించాలి. పట్టుకూ పల్చటి బట్టకూ 11 నంబరు, మామూలు నూలుకు 14, జీన్సు వంటి దళసరి బట్టకు 16 లేదా 18 నంబరు సూది వాడాలి. ధర్మవరం పట్టు మీద 16 నంబరు సూది వేస్తే పడిన రంధ్రం మళ్ళీ పూడదు.

రెండు, సూదిని పైకి లేపి బాబిన్ కేసు తీయండి. లోపల షటిల్‌ను పట్టి ఉంచే వలయానికి రెండు చిన్న మీటలు ఉంటాయి. వాటిని బయటికి తిప్పితే వలయమూ, అర్ధచంద్రాకారపు షటిలూ చేతికి వస్తాయి. పోగులు, నూగు బ్రష్షుతో తీయండి. ఇనుప పిన్నుతో గోకకండి. అక్కడ గీత పడితే దారం తెగుతుంది. షటిల్ తిరిగే గాడిలో ఒకే చుక్క నూనె వేయండి. తీసిన తీరులోనే తిరిగి పెట్టి, చక్రాన్ని చేత్తో మీ వైపుకు తిప్పి చూడండి. తగులుతున్నట్టుంటే మళ్ళీ తీసి పెట్టండి గాని బలవంతాన తిప్పకండి.

మూడు, సూది దిగే చోట ఉన్న పలక స్క్రూలు విప్పి, బట్టను జరిపే పళ్ళ మధ్య పేరుకున్న నూగు తీయండి. నొక్కితే అది చిన్న దిండులాగా ఊడివస్తుంది. బట్ట ముందుకు జరగకపోవడానికి తరచుగా ఇదే కారణం. కుట్టు పొడవు మీట సున్నా మీద ఉన్నా బట్ట జరగదు, అదీ చూడండి.

నాలుగు, పాత నూనె జిగురు వదలాలంటే కదిలే ప్రతిచోటా చుక్క కిరోసిన్ వేసి కాసేపు తిప్పి, ఒక రాత్రి ఆగి, తుడిచివేయండి. దగ్గరలో దీపం, పొయ్యి ఉండకూడదు. బెల్టుకు తగలనివ్వకూడదు. తరువాత నూనె రంధ్రాలన్నిటిలో ఒక్కో చుక్క, కింద కదిలే కీళ్ళన్నిటికీ ఒక్కో చుక్క మంచి నూనె. తొక్కుడు పెడలు కీళ్ళను మరచిపోకండి. మిషను బరువుగా తిరుగుతోందంటే సగం దోషం అక్కడే ఉంటుంది. ఆపైన పాత గుడ్డ మీద మరక పడనంతదాకా కుట్టి చూడండి. అప్పుడే పట్టుగుడ్డ ముట్టుకోవాలి.

ఇంత చేసినా కుట్టు సరిగా పడకపోతే కుట్టునే అడగండి. అది చెబుతుంది. బట్ట కింది వైపు దారం ఉచ్చులు ఉచ్చులుగా ఉంటే తప్పు పైదారానిది. పాదం దించి ఉంచి దారం ఎక్కిస్తే అది బిళ్ళల మధ్యకు దిగదు. పాదం ఎత్తి మళ్ళీ ఎక్కించండి. బట్ట పై వైపు ఉచ్చులు ఉంటే బాబిన్ దారం వదులు. బాబిన్ కేసును దాని దారంతోనే వేలాడదీయండి. తనంతట జారిపోకూడదు, మెల్లగా ఒక కుదుపు ఇస్తే కొద్దిగా దిగాలి. చిన్న స్క్రూను పావు చుట్టు కంటె ఎక్కువ తిప్పకండి.

చక్రం తిరుగుతుంది, సూది మాత్రం కదలదు. దీన్ని చూసి మిషను చచ్చిపోయిందనుకుంటారు. బాబిన్ చుట్టడానికి చక్రం మధ్యలోని పెద్ద బిరడాను వదులు చేస్తాం గదా, దాన్ని మళ్ళీ బిగించలేదంతే. బిగించినా పట్టకపోతే లోపలి చెవుల వాషరు తిరగబడి ఉంటుంది, తీసి సరిగా పెట్టండి. తోలు బెల్టు సాగి జారుతుంటే కొంచెం కోసి, అదే కొక్కెంతో మళ్ళీ కలపండి. అతిగా బిగించినా తొక్కడం కష్టమే.

ఎక్కడ ఆగాలో కూడా తెలిసి ఉండాలి. సూది కడ్డీ ఎత్తు, సూదికీ షటిల్ కొక్కేనికీ కుదరవలసిన సమయం, ఈ రెండింటి స్క్రూలు మనం ముట్టుకోకూడదు. మోటారు లోపలి భాగాలు, వేడెక్కే పెడలు, షాకు కొట్టే తీగ, ఇవి మెకానిక్కు పని. తెలిసిన మెకానిక్కు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాడంటే అతని శ్రమకు తగిన కూలి బేరం లేకుండా ఇవ్వండి. శుభ్రమైన మిషనును తీసుకుపోతే అతనికీ దోషం త్వరగా దొరుకుతుంది.

రోజూ కుట్టేవారు సాయంత్రం షటిల్ దగ్గర నూగు దులిపి ఒక చుక్క నూనె వేసుకోవాలి. ఎప్పుడో ఒకసారి కుట్టేవారు నెలకోసారైనా పది నిమిషాలు తిప్పాలి. దుమ్ముకు గుడ్డ కప్పి ఉంచాలి.

పెద్దలారా, కాలం మారింది. మన మూడు ఊళ్ళూ, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. కార్లు చేసే గడ్డ మీద మన ఇంటి మిషను ఒక దారంపోగుకు ఓడిపోకూడదు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో చేర్చిన 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. అర్హులైన వారికి శిక్షణ, పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయం ఉన్నాయి. మీ వీధిలో కుట్టుపని చేసుకునే వారికి ఆ మాట చెప్పండి. దరఖాస్తు నింపడం మనకంటె బాగా ఎవరికి వచ్చు?

చివరిగా రెండు విన్నపాలు. మన మూడు ఊళ్ళ సంఘం గదుల్లోనూ ఒక నూనె సీసా, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక సూదుల పొట్లం ఉంచుదాం. నెలకొక ఆదివారం ఎవరి మిషనైనా తెస్తే నలుగురం కూర్చుని చూద్దాం. రెండోది, మీ ఇంట్లో ఎవరూ కుట్టని మిషను ఉంటే దాన్ని బాగుచేసి, కుట్టు నేర్చుకుంటున్న ఒక ఆడపిల్లకు ఇవ్వండి. తూకానికి ఇస్తే వచ్చే డబ్బు వారం తిరక్కముందే ఖర్చవుతుంది. ఆ పిల్ల చేతిలో ఉంటే ఒక ఇల్లు నిలబడుతుంది.