పచ్చికబీళ్లకు క్షేమకరమైన కంచె
(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పంచాయతీ సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

మన ప్రాంతమున కంచె యను మాటకు రెండర్థములు కలవు. చేనిచుట్టు వేయు ముళ్లకంప కంచెయే. పశువులు మేయు బీడును కంచెయే. 1967లో నాగార్జునసాగర్ ఎడమకాలువకు నీరు విడుదలయైన పిదప మిర్యాలగూడ, కోదాడ వైపుల మెట్టభూములెన్నో వరిపొలములైనవి. సూర్యాపేట వైపు గొఱ్ఱెల మందలు మెండు. దురాజుపల్లి పెద్దగట్టు జాతరను చూచినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. పొలము పెరిగి బీడు తరిగినకొలది, మందకును పైరుకును నడుమ పెక్కుచోట్ల గట్టు వెడల్పు మాత్రమే మిగిలినది. బందెలదొడ్డి పైరు పోయిన పిదప పనికివచ్చునది. అంతకు ముందే కావలసినది కంచె.

మొదట చేయగూడని దానిని చెప్పెదము. అడవిపందుల బాధకు తాళజాలక కొందరు రాత్రివేళ మోటారు తీగనుండి చేని చుట్టునున్న ఇనుపతీగకు కరెంటు కలుపుచున్నారు. దానిని తాకి పశువులును, కాపరులును, ఒక్కొక్కప్పుడు కలిపినవారును ప్రాణములు కోల్పోయినారు. ఇది నేరము. పందికొరకే గదా యని పంచాయతీవారు చూచీ చూడనట్లుండరాదు. సౌరశక్తి కంచె వేరు. దాని పెట్టె సుమారు సెకనున కొకసారి, రెప్పపాటుకన్న తక్కువకాలము మాత్రమే విద్యుత్తును విడుచును. తాకిన పశువు ఉలికిపడి వెనుకకు తగ్గును. మోటారు కరెంటు ఎడతెగక పారును. కండరములు బిగిసి, పట్టిన చేయి వీడదు. సౌరకంచెకు హెచ్చరిక పలకలు కట్టవలెను. గడ్డి తీగను తాకినచో దెబ్బ బలహీనమగును గనుక వానకాలమున క్రింది గడ్డిని కోయుచుండవలెను.

ముళ్లతీగపై మాకు మక్కువ లేదు. బెదరిన గేదె దానిపై పడినచో పొదుగు చీలును, గాయమున పురుగు పడును. గొఱ్ఱెపిల్లలో, క్రింది సందున దూరిపోవును. తీగ కంచెయే వేయవలసివచ్చినచో రాతి కడీలు పాతి, ముళ్లులేని అల్లికవల బిగించుట మేలు. మూలకడీలకు ఊతరాళ్లు లేనిచో తీగ సడలును.

ఊరుమ్మడి బీటికి మేము ముందుగా చెప్పునది జీవకంచె. తమిళనాటి కాంగేయము ప్రాంతమున రైతులు తమ బీళ్లను కిలువై యను ముళ్లపొదతో చుట్టి పశువులను మేపుట చిరకాలముగా కలదు. మనకు గచ్చ, వావిలి, కిత్తనార చాలును. వావిలిని మేకలును సాధారణముగా ముట్టవు. కందకము త్రవ్వి, ఆ మట్టితో కట్టపోసి, తొలకరిలో దానిపై రెండు వరుసలుగా నాటవలెను. మొక్కలు కుదురుకొనువరకు తుమ్మకంప అడ్డుగా నుంచవలెను. సర్కారుతుమ్మను మాత్రము నాటవద్దు. పశువులు కాయలు తిని పేడతో విత్తనములను బీడంతట చల్లును. కంచె బీడును మ్రింగును. బొమ్మజెముడు పాలు కంటబడిన ప్రమాదము గనుక పిల్లలు తిరుగుచోట అదియు తగదు.

బీటిలోని పాడుబావులకును, మొరము గుంటలకును వేరుగా కంచె వేయింపుడు. మంద చెఱువునకు పోవు త్రోవను మూయరాదు. మంద త్రొక్కిసలాడకుండ వెడల్పైన తలుపు పెట్టింపుడు. తీర్మానములో కంచె ఖర్చుతోపాటు దానిని నెలకొకసారి చుట్టివచ్చు మనిషి కూలియు వ్రాయుడు.

మరమ్మతు నాడు తెగిన తీగముక్కలను తక్కువగా చూడవద్దు. అవి గడ్డిలో కలిసిన, ఆవు నమలక మ్రింగును. ముక్క రెండవ కడుపులో చిక్కి, దానిని పొడుచుకొని గుండెదాక పోవును. మేత విడిచి, మోచేతులు ఎడముచేసి నిలుచు పశువునకు కారణము పెక్కుమారులు ఇదియే. అప్పటికి వైద్యునికిని కష్టసాధ్యము. పని ముగిసిన సాయంత్రమే ముక్కలన్నియు సంచిలో ఏరించి, తరువాతనే కూలి చెల్లింపుడు.