ఆత్మరక్షణకు ఏది ఆయుధం?
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక బస్తీ మీటింగులో ఓ స్త్రీ నన్నడిగింది: "అక్కా, రాత్రి తాగొచ్చి గొంతు పట్టుకుంటుండు. మెత్త కింద ఏం పెట్టుకోమంటవు? కత్తి పెట్టుకోనా, కారప్పొడి పెట్టుకోనా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మనం పెట్టే ఆత్మరక్షణ శిక్షణలన్నీ వీధిలో ఎదురయ్యే కొత్తవాణ్ణి దృష్టిలో పెట్టుకున్నవే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: భర్త హింసకు గురైనట్టు చెప్పిన స్త్రీలు తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. చెప్పనివాళ్ల లెక్క మనకు తెలిసిందే.

కత్తి ఎవరు తీసినా, పెనుగులాటలో చివరికది బలమున్నవాడి చేతికే పోతుంది. ఒంటిగది ఇంట్లో కారం చల్లితే పక్కన పడుకున్న పిల్లల కళ్లూ మండుతాయి. భయమేస్తే చాలామంది వంటింట్లోకే పరుగెత్తుతారు. కత్తిపీట, రోకలి, గ్యాసు పొయ్యి అతనికీ అందేది అక్కడే. స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుంటే బయటపడే దారి ఉండదు.

ఇక చట్టం. ఆత్మరక్షణ హక్కు గురించి పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 అయ్యాయి. ప్రాణం పోతుందని సహేతుకమైన భయం ఉన్నప్పుడు ఎదుటివాడి ప్రాణం తీయడానికి కూడా ఈ హక్కు వర్తిస్తుంది. కాని అవసరానికి మించి హాని చేయకూడదు, అధికారుల రక్షణ కోరే వ్యవధి ఉండకూడదు. ఇద్దరు సమబలులు వీధిలో కలబడినప్పటి కొలత ఇది! "మొగుడూ పెళ్లాల గొడవ, పొద్దున రా" అని స్టేషన్లో తిప్పి పంపితే ఆ వ్యవధికి అర్థమేమిటి?

ఇంగ్లండులో స్థిరపడిన పంజాబీ స్త్రీ కిరణ్‌జిత్ అహ్లువాలియా పదేళ్లు దెబ్బలు తిని, 1989లో నిద్రపోతున్న భర్తకు నిప్పు పెట్టింది. అతను చనిపోయాడు. ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ ఉద్యమించగా 1992లో విడుదలైంది. అదీ ఎలా? భర్త రెచ్చగొట్టాడన్న వాదన నిలవలేదు. ఆమె మానసిక స్థితి దెబ్బతిన్నదన్న కారణం మీద. ఆమె పదేళ్ల భయాన్ని కోర్టు జబ్బుగా మాత్రమే చూడగలిగింది. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

రోకలి అందుకోక తప్పని క్షణం వస్తే అందుకోవద్దని నేననను. కాని ఆ క్షణానికి ముందే చేయగలిగింది చాలా ఉంది. ఆ బస్తీ ఆమె ఇంటికి వెళ్లి చూస్తే మంచం తలుపుకు అడ్డంగా ఉంది. జరిపించాం. గిన్నె మోగిస్తే పక్కింటివాళ్లు పదిమందిని వెంటబెట్టుకుని రావాలని మాట తీసుకున్నాం. రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, కొంత డబ్బు పక్క వీధిలో పెద్దమ్మ దగ్గర పెట్టించాం. 181 నంబరు పెద్ద పిల్లకు నేర్పాం. డాక్టరు రాసిన గాయాల చీటీ, రక్షణాధికారి దగ్గర నమోదైన ఫిర్యాదు రేపు ఆమె ఎదురుతిరిగి కొట్టవలసివస్తే కోర్టులో ఆమె పక్షాన మాట్లాడతాయి.

అంతా విని ఆమె అడిగింది: "ఇల్లిడిచి ఉరికేది నేనేనా?"

2005 గృహహింస చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం ఇల్లు ఆమె పేరున లేకపోయినా అక్కడ ఉండే హక్కు ఆమెకుంది. 19వ సెక్షన్ కింద ఇల్లు విడిచి వెళ్లమని మేజిస్ట్రేటు అతన్నే ఆదేశించవచ్చు. దరఖాస్తు వేశాం. వాయిదా ఇంకా రాలేదు. మెత్త కింది కారప్పొడి పొట్లం ఆమె తీయలేదు, మేమూ తీయమనలేదు.