పండుగ వెళ్లిన ఇల్లు – చీపురు ఎవరి చేతిలో?



క్రిస్మస్ వెళ్లిపోయింది. పాత సంవత్సరపు చివరి రాత్రి మేలుకొని ప్రార్థించాము. క్రొత్త సంవత్సరపు మొదటి ఆరాధనలో పాల్గొన్నాము. పక్కింటివారు పంపిన సంక్రాంతి సకినాలు కూడా డబ్బా అడుగుకు చేరాయి. వచ్చిన చుట్టాలు బస్సులెక్కి వెళ్లిపోయారు. ఇప్పుడు ఒక్కసారి మీ ఇంటివైపు చూడండి. వాకిట్లో నక్షత్రం గాలికి చినిగి వేలాడుతోంది. రంగు కాగితాల తోరణాలకు దుమ్ము పట్టింది. పొయ్యి వెనుక గోడమీద గారెలు వండిన నూనె జిడ్డు మరకలు. మంచం క్రింద పిల్లలు దాచిన కేకు ముక్కకు చీమలు బారులు కట్టాయి. అవునా?

ఈ వారము మనము ఆలోచించబోయే సంగతి ఇదే, పండుగ వెళ్లిన ఇంటిని శుభ్రం చేసుకోవడం. "ఇది కూడా ఒక ప్రసంగమా అయ్యగారూ?" అని మీరు అడగవచ్చు. పరిశుద్ధ గ్రంథములో చీపురు, దీపము, గోడ గీకడం, చెత్త మోయడం ఎన్ని చోట్ల వస్తాయో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు.

నేను ఇబ్రహీంపట్నాన్ని మనసులో పెట్టుకొని ఈ మాటలు చెబుతున్నాను. ఆ పేరుగల ఊళ్లు మనకు చాలా ఉన్నాయి. హైదరాబాదు దగ్గర ఒకటి, విజయవాడ దగ్గర ఒకటి. నేను చెప్పేది జగిత్యాల జిల్లాలో మెట్‌పల్లి దగ్గర, గోదావరి ఒడ్డుకు చేరువగా ఉన్న ఇబ్రహీంపట్నం. 2016 అక్టోబరులో జగిత్యాల జిల్లా కాకముందు అది కరీంనగర్ జిల్లాలో ఉండేది. అక్కడ పండుగ అయిపోగానే పసుపు పని మీద పడుతుంది. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, బస్తాలకెత్తాలి. దానికి ఇంట్లో, వాకిట్లో చోటు కావాలి. మరి కొన్ని ఇళ్లలో తునికాకు కట్టలు, తంబాకు, బీడీల చాట ఉంటాయి. ఇంకొన్ని ఇళ్లలో దుబాయి నుండి సెలవుమీద వచ్చిన కొడుకు తెచ్చిన అట్టపెట్టెలు తాళ్లతో సహా మూలకు పడి ఉంటాయి. ఇంత బరువున్న ఇంటిని దులపడమంటే పూటలో అయ్యే పని కాదు.

రెండవ దినవృత్తాంతములు 29వ అధ్యాయము తెరవండి. ఆహాజు రాజు 16 సంవత్సరములు ఏలాడు. దేవుని మందిరపు తలుపులు మూయించాడు, దీపములు ఆర్పివేయించాడు. తలుపులు మూసిన ఇల్లు ఎట్లా ఉంటుందో గల్ఫ్‌కు వెళ్లి ఏళ్ల తరబడి తాళం వేసి ఉంచినవారికి తెలుసు. ఆహాజు చనిపోయాక అతని కుమారుడు హిజ్కియా 25 ఏళ్ల వయసులో రాజయ్యాడు. కొత్త రాజు మొదట ఏమి చేస్తాడు? సైన్యాన్ని లెక్క చూసుకుంటాడు, ఖజానా చూసుకుంటాడు. ఇతడు మొదటి సంవత్సరము మొదటి నెలలోనే మందిరపు తలుపులు తెరిపించి బాగుచేయించాడు. తరువాత యాజకులను, లేవీయులను పిలిచి లోపలున్న అపవిత్రమైనదంతా బయటికి తీసుకుపొమ్మన్నాడు.

మొదటి దినమున పని మొదలైంది. ఎనిమిదవ దినానికి మంటపం దాకా వచ్చారు. ఇంకొక ఎనిమిది దినములు పట్టింది. 16వ దినమున ముగించారు. 16 ఏళ్ల పాలనకు 16 దినముల శుద్ధి! ఇందులో ఏదో మర్మమున్నదని నేను చెప్పడం లేదు, లెక్క అలా కుదిరింది. కానీ ఇంటి పని చేసేవారికి ఒక ధైర్యము ఇందులో ఉన్నది. రాజాజ్ఞ ఉండి, అంతమంది మనుషులుండి కూడా వారు ఒక్క దినములో ముగించలేదు. మీ ఇంట్లో ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో అంతా అయిపోవాలని ఎందుకు కోప్పడతారు? ఒకరోజు అటక, ఒకరోజు వంటింటి గోడ, ఒకరోజు మంచాల క్రింద. చాలును.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ చెత్తను ఎవరు మోశారు? వచనాన్ని నిదానంగా చదవండి. లోపలి భాగములోనికి యాజకులే వెళ్లారు. అక్కడున్న అపవిత్ర వస్తువులన్నిటినీ వారే తమ చేతులతో ఆవరణములోనికి తెచ్చారు. ఆవరణములో లేవీయులు వాటిని అందుకొని, మోసుకొని, పట్టణము బయట కిద్రోను వాగు దగ్గరకు తీసుకుపోయారు. ఇశ్రాయేలులో ఈ రెండు వర్గాలకంటే గౌరవముగల సేవకులు లేరు. బలిపీఠము ముట్టే చేతులే చెత్తను ముట్టాయి. రాజు వేరెవరినీ పిలువలేదు.

మన ఊళ్లలో ఏమి జరిగింది? ఎవరి చెత్త ఎవరు ఎత్తాలో పుట్టుకను బట్టి నిర్ణయించారు. చచ్చిన పశువును లాగేది ఒకరు, ఊరు ఊడ్చేది ఒకరు. వారి ఇళ్లు ఊరి బయట. తెలంగాణ పల్లెల్లోని మన సంఘాల్లో ఎంతోమంది తాతముత్తాతలు ఆ ఊరి బయటి ఇళ్లవారే. ఈ సంగతి మనకు చెప్పనక్కరలేదు. అయితే ఇవాళ చర్చి ఆవరణలో క్రిస్మస్ భోజనాలు అయ్యాక ఎంగిలి విస్తర్లు ఎత్తడానికి మనమెవరిని పిలుస్తున్నాము? డబ్బిచ్చి పిలవడం తప్పని నేననను. కష్టపడినవారికి కూలి ఇవ్వాలి. కాని కుర్చీలు సర్దడానికి కూడా చేయి రాని పెద్దలను చూస్తే, వీరు 29వ అధ్యాయాన్ని దాటేసి 30వ అధ్యాయంలోని పస్కా పండుగ దగ్గరకే వెళ్లారా అనిపిస్తుంది.

గడప లోపలికి వద్దాము. ఇంట్లో యాజకుడు ఎవరని అడిగితే పురుషులందరూ చేయెత్తుతారు. మరి పొరక ఎవరి చేతిలో ఉంది?

బీడీలు చుట్టే అక్కల సంగతి చెబుతాను. వారి కూలి వెయ్యి బీడీల లెక్కన ఉంటుంది. ఒకరోజు కూర్చోకపోతే ఆ రోజు కూలి లేదు. పండుగకు ముందు సున్నం వేసింది ఆమె, గోడలకు జాజు పూసింది ఆమె, పిండి వంటలు చేసింది ఆమె. ఆ రోజుల్లో తగ్గిన బీడీల లెక్క ఇప్పుడు పూడ్చుకోవాలి. అదే సమయంలో ఇల్లంతా మళ్లీ ఆమె మీదనే పడింది. "పండుగ బాగా జరిగింది" అని ఇంటాయన బయట చెప్పుకుంటాడు. ఆమె నడుము సంగతి ఎవరికి తెలుసు? అన్నా, తమ్ముడా, ఈ వారం అటక దించే పని మీది. బూజు కర్ర పట్టుకునేది మీరు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోండి. తంబాకు పొడి ఉన్న ఇంటి దుమ్ము మామూలు దుమ్ము కాదు. పిల్లలను ఆ గంటసేపు బయట ఉంచండి. తంబాకును వంటింటికి, పిల్లలు పడుకునే చోటికి దూరంగా పెట్టడానికి ఒక మూలను ఇప్పుడే ఖాళీ చేయండి. ఆమె ఆ రోజు తన చాట ముందు నెమ్మదిగా కూర్చోనివ్వండి.

మరి బయటికి తెచ్చిన చెత్త ఎక్కడికి పోవాలి? కిద్రోనుకు, అంటే దానికంటూ ఏర్పడిన చోటికి. లేవీయకాండము 14వ అధ్యాయములో కూడా, ఇంటి గోడకు చారలు పట్టి అది పాకితే ఆ రాళ్లను, గీకిన మట్టిని పట్టణము బయట ఒక అపవిత్ర స్థలములో పారవేయమన్నారు. పక్కవాడి గోడవతల అని చెప్పలేదు! మనము చేసేదేమిటి? ఇంటిముందు కుప్పవేసి అగ్గిపుల్ల గీస్తాము. ఎండుటాకులతోపాటు కేకు కవర్లు, మెరిసే కాగితాలు, థర్మోకోల్, వైర్ల తొడుగులు అన్నీ కాలుతాయి. ఆ వైర్ల తొడుగులు పీవీసీతో చేసినవి. అది కాలితే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి. చలికాలపు సాయంత్రం పొగ పైకి పోదు, నేలబారునే ఉంటుంది. ఎదురింట్లో ఆయాసంతో ఉన్న ముసలమ్మ ఊపిరిలోనికి పోతుంది. మన ఇల్లు శుభ్రమైంది. ఆమె రొమ్ములో నింపాము.

2019 సెప్టెంబరులో తెలంగాణలో పల్లె ప్రగతి మొదలైంది. ఆ పథకముతో గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు వచ్చాయి. ట్రాక్టరు మీ వీధికి ఏ రోజు వస్తుందో కనుక్కొని ఆ రోజుకు మూటలు సిద్ధంగా పెట్టండి. కూరగాయల తుక్కు, పేడ, ఆకులు ఎరువు గుంతకు వేయండి. పసుపు చేనుకు అది బంగారము. అట్టపెట్టెలు, సీసాలు, ఇనుము పాత సామాను కొనేవారికి పెట్టండి. ఇంకొక మాట. పగిలిన గాజు బల్బులు, గాజు ముక్కలు, బ్లేళ్లు ఊరికే కవర్లో వేసి కట్టకండి. దళసరి కాగితంలో చుట్టి, విడిగా చేతికిచ్చి, "అన్నా, ఇందులో గాజు ఉంది" అని చెప్పండి. ఆ ట్రాక్టరు మీద నిలబడిన మనిషికి చాలాసార్లు చేతి తొడుగులుండవు. అతనికి పేరుంది. మీలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

కొన్ని జాగ్రత్తలు త్వరగా చెబుతాను. సీరియల్ బల్బులు తీసేముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు కూడా పీకండి. బ్లీచింగ్ పౌడరును బాత్రూం ఆసిడుతో ఎప్పుడూ కలపకండి. దానినుండి క్లోరిన్ వాయువు వచ్చి ఊపిరి ఆడదు, ప్రాణం మీదికి వస్తుంది. రాయిసున్నం నీళ్లలో వేస్తే అది కుతకుత ఉడుకుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. గోడకు చెమ్మ ఉంటే రంగు కొని డబ్బు పోసుకోకండి. పెంకు జరిగిందా, పైపు కారుతున్నదా మొదట చూడండి. లేవీయకాండములో యాజకుడు ఆ ఇంటిని ఏడు దినములు మూసి ఉంచి మళ్లీ వచ్చి చూశాడు. వెంటనే పూత పూయించలేదు. నూనె జిడ్డుకు మన అమ్మమ్మల కట్టెల బూడిద, వేడినీళ్లు ఇప్పటికీ బాగానే పనిచేస్తాయి.

మరొక ఇల్లు ఉంది. అక్కడ ఎవరూ తొందరపెట్టకూడదు. ఒక తల్లిని నేనెరుగుదును. కొడుకు రెండేళ్లకొకసారి వస్తాడు. క్రిస్మస్‌కు వచ్చి, జనవరి రెండవ వారంలో మళ్లీ విమానమెక్కాడు. ఇల్లంతా కడిగింది గాని అతడు పడుకున్న మంచము మీది దుప్పటిని, దిండు గలేబును ఆమె ముట్టుకోలేదు. కోడలు ఉతకబోతే "ఉండనియ్యి బిడ్డా" అన్నది. కోడలు ఏమీ మాట్లాడకుండా ఆ గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ఆ కోడలికి కూడా అతడు భర్త కదా. ఆమెకు ఎంత ఉండి ఉంటుంది! ఇల్లు దులపడంలో ఇటువంటి తెలివి కూడా కావాలి. లూకా సువార్త 15వ అధ్యాయములో నాణెము పోగొట్టుకొన్న స్త్రీ దీపము వెలిగించి మరీ ఊడ్చింది. దుమ్ములో తనకు కావలసినది ఉన్నదని ఆమెకు తెలుసు. మీరు ఊడ్చేటప్పుడు కూడా మూలల్లో చూచి ఊడ్వండి. పాత ఉత్తరం, చనిపోయినవారి కళ్లద్దాలు, పాప మొదటి గజ్జె, ఇవి చెత్త కావు. అడగకుండా పారేయకండి.

చివరిగా వాకిట్లోని ఆ నక్షత్రం సంగతి. 2022 జూలై 1 నుండి అలంకరణకు వాడే థర్మోకోల్ మన దేశమంతటా నిషేధం. కాబట్టి వచ్చే డిసెంబరుకు అది కొనే ఆలోచన మానండి. మీది వెదురు బద్దల నక్షత్రమైతే చినిగిన కాగితము మాత్రము ఊడదీయండి. బద్దలను తుడిచి, ముడులు వదులైన చోట దారము బిగించి, పాత చీర ముక్కలో చుట్టి అటకమీద పెట్టండి. ఈసారి నిచ్చెన ఇంటాయనే ఎక్కాలి. క్రింద నిచ్చెన పట్టుకోవడానికి పిల్లలను పిలవండి.